లాంబ్డా రో పిన్ను

లెస్లీ ఆన్ విట్‌కోం వంటగదిలోకి వచ్చేసరికి నేను బంగాళాదుంపల బస్తా ముందేసుకుని చెక్కు తీస్తున్నాను. 1986, ఆగస్టు చివరి వారం. ఇండియానాలో ఆ రోజుల్లో ఎండ మాడ్చేస్తుంది. దానికి తోడు రెండు పొయ్యిలూ వెలుగుతున్నాయి. లెస్లీ ఆన్ ఆ ఏడు లాంబ్డా రో సంఘానికి అధ్యక్షురాలు. ఆ ఇంట్లో ఉండే డెబ్భై మంది కాలేజీ అమ్మాయిలకీ ఆమె మాటే మాట. కానీ సంఘం సభ్యులు వంటగదిలో అడుగు పెట్టకూడదని అక్కడ నియమం. అందుకని గుమ్మం దగ్గరే నిలబడి, "మిసెస్ హెచ్, టెస్‌తో ఐదు నిమిషాలు మాట్లాడొచ్చా?" అని మా అమ్మని అడిగింది.

అమ్మ పేరు మార్గిట్ హుడాక్. ఇరవై మూడేళ్లుగా ఆ ఇంటి వంటమనిషి. నా పేరు థెరీసా, అందరికీ టెస్‌ని. ఆ ఊరి విశ్వవిద్యాలయంలోనే సివిల్ ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరం చదువుతూ, ఖాళీ దొరికినప్పుడల్లా అమ్మకి సాయం చేసేదాన్ని. నాన్న పోయి అప్పటికి ఆరేళ్లు.

లెస్లీ ఆన్ డొంకతిరుగుడు లేకుండా చెప్పింది. ఊళ్లో ఇలాంటి ఆడపిల్లల సంఘాలు పద్నాలుగు ఉన్నాయి. మార్కుల్లో లాంబ్డా రోది పద్నాలుగో స్థానం. అదీ వరసగా మూడోసారి. డిసెంబరుకల్లా పైకి రాకపోతే ఇల్లు మూసేస్తామని పై ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. నేను సంఘంలో చేరి, వెనకబడ్డ అమ్మాయిలకి సాయంకాలాలు పాఠం చెబితే చాలు. నా చందా పూర్వ విద్యార్థినులు పెట్టుకుంటారు.

"నువ్వంటే మాకు ఎప్పటినుంచో ఇష్టం అని చెప్పొచ్చు. కానీ అబద్ధం ఎందుకు? మాకు నీ మార్కులు కావాలి," అంది.

ఆ మాట నాకు నచ్చింది. ఆలోచించి చెబుతానన్నాను గానీ, నిజానికి అప్పటికే ఒప్పేసుకున్నాను.

ఎందుకో చెబుతాను. షికాగోలో వంతెనలు కట్టే ఒక పెద్ద కంపెనీ ఉండేది. వేసవి శిక్షణ కోసం ఆ వసంతంలో మా క్లాసు నుంచి పన్నెండు మందిమి అర్జీ పెట్టాం. నాకు జవాబే రాలేదు. నా నోట్సు చూసి పరీక్షలు గట్టెక్కే రస్ కోల్‌బర్న్‌కి వచ్చింది. ఎలా వచ్చిందిరా అని అడిగితే, రస్ కోటు మడత తిప్పి చిన్న బంగారు పిన్ను చూపించాడు. అతను చేరిన మగపిల్లల సంఘం గుర్తు అది. ఇంటర్వ్యూ చేసినాయన కోటుకీ అదే పిన్ను ఉందట. ఇరవై నిమిషాల ఇంటర్వ్యూలో పద్దెనిమిది నిమిషాలు ఆయన కాలేజీ రోజుల్లో వాళ్ల ఇంటి కప్పు మీదకి ఆవుని ఎలా ఎక్కించారో చెప్పాడట. మిగిలిన రెండు నిమిషాల్లో ఎప్పటినుంచి వస్తావు అని అడిగాడట. రస్ మంచివాడే. చెబుతూ కాస్త సిగ్గుపడ్డాడు కూడా.

ఆ సాయంత్రం ఇంటికొచ్చాక అమ్మకి చెప్పాను. అమ్మ బూట్లు విప్పి, కాళ్లు ఇంకో కుర్చీ మీద పెట్టుకుంది.

"వాళ్లకి కావాల్సింది నువ్వు కాదే. నీ మార్కులు," అంది.

"నాకు కావాల్సింది కూడా వాళ్లు కాదమ్మా. వాళ్ల అక్కలు. ఈ సంఘంలోంచి వెళ్లి షికాగోలో, న్యూయార్కులో పెద్ద కుర్చీల్లో కూర్చున్నవాళ్లు."

"సొంత తెలివితో తెచ్చుకోలేవా ఉద్యోగం?"

"సొంత తెలివితో పోయిన వసంతంలో అర్జీ పెట్టాను కదా."

సభ్యులు వంటపని చేయకూడదని నియమం కాబట్టి, తనకి సాయానికి కొత్త మనిషిని వెతుక్కోవాల్సి వస్తుందని అమ్మ సణిగింది. వాళ్లు సిల్కు లంగాలు వేసుకుని పాటలు పాడతారనీ, నా గొంతుకి ఇల్లు ఇంకా త్వరగా మూసేస్తారనీ అంది. పడుకోబోయే ముందు మాత్రం నా గది తలుపు దగ్గరికి వచ్చింది.

"కూర్చుంటే కూర్చున్నట్టు కూర్చో. మధ్యలో లేచి గిన్నెలు తీయడానికి రాకు. నన్ను చూసి తల దించుకోకు. ఆ రెండూ చేశావంటే మాత్రం ఊరుకోను."

సెప్టెంబరు రెండో సోమవారం మొదటిసారి ఆ భోజనాల గదిలో కూర్చున్నాను. సోమవారాలు అందరూ మంచి బట్టలు వేసుకుని, పాట పాడి, అప్పుడు తింటారు. వడ్డించేది పొరుగింటి మగపిల్లలు. ఆ రోజు కాల్చిన కోడి, బీన్సు. తినడం అయ్యాక అధ్యక్షురాలు వంటమనిషికి కృతజ్ఞతలు చెప్పడం ఆనవాయితీ. అమ్మ ఏప్రన్‌తో చేతులు తుడుచుకుంటూ తలుపు తోసుకుని వచ్చింది. డెబ్భై మందీ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. అమ్మ గది మొత్తం ఒకసారి కలయజూసి, అందరినీ చూసినట్టే నన్నూ చూసి, లోపలికి వెళ్లిపోయింది. నా పళ్లెంలో కోడిముక్క సగం మిగిలి ఉంది. దాన్ని పూర్తిగా తిన్నాను.

పాఠాలు మంగళ, బుధ, గురువారాలు. మొదటి రోజు తొమ్మిది మంది వచ్చారు. గోళ్లకి రంగు వేసుకుంటూ వచ్చిన వాళ్లు ముగ్గురు. బానీ రాక్‌వెల్ అనే అమ్మాయి రెండోసారి లెక్కల పరీక్ష తప్పింది, మూడోసారి కూడా తప్పబోతోంది. నీకు ఏం అర్థం కావడం లేదు అని అడిగితే, పుస్తకం అట్ట నుంచి మొదలుపెట్టమంది. అట్ట నుంచే మొదలుపెట్టాను. నెలయ్యేసరికి ఇరవై ఆరు మంది వస్తున్నారు. వాళ్లని తెలివి లేనివాళ్లని అనుకునేదాన్ని. అది తప్పు. వాళ్లని అంతవరకూ ఎవరూ కూర్చోబెట్టి ఒక్క లెక్క చివరిదాకా చేయించలేదు, అంతే. బానీ అక్టోబరులో మొదటిసారి బి గ్రేడు తెచ్చుకుని, ఆ కాగితాన్ని పట్టుకుని మెట్లన్నీ ఎక్కి దిగి అందరికీ చూపించింది. వంటగది నియమం మర్చిపోయి లోపలికెళ్లి మా అమ్మకి కూడా చూపించింది. అమ్మ దాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించింది.

వాళ్ల దగ్గర నేనూ కొన్ని నేర్చుకున్నాను. చేయి గట్టిగా కలపడం, పరిచయమైన మనిషి పేరు రెండు నిమిషాల్లోపు మళ్లీ ఒకసారి పలకడం, తెలియనిదాన్ని తెలియదని నవ్వుతూ చెప్పడం. ఇవి వాళ్లకి పుట్టుకతో వచ్చాయని అనుకునేదాన్ని. లెస్లీ ఆన్ తనకి వాళ్ల పిన్ని నేర్పిందని చెప్పింది. నాకు లెస్లీ ఆన్ నేర్పింది.

నవంబరు మొదటి వారంలో మధ్యంతర మార్కుల జాబితా వచ్చింది. లాంబ్డా రోది ఆరో స్థానం. ఆ మధ్యాహ్నం ఇంటి ముందు పచ్చిక మీద అమ్మాయిలు అరిచిన అరుపులకి ఎదురింటి వాళ్లు బయటికొచ్చి చూశారు.

ఆ శనివారమే పూర్వ విద్యార్థినుల విందు. లెస్లీ ఆన్ అతిథుల జాబితా నాకు చూపించి ఒక పేరు మీద వేలు పెట్టింది. జూడిత్ ఫెన్నర్. 1964లో చదువు ముగించిన ఆమె. నాకు జవాబివ్వని ఆ వంతెనల కంపెనీలోనే కొత్తవాళ్లని తీసుకునే విభాగానికి ఇప్పుడు ఆమె పెద్ద. లెస్లీ ఆన్ నన్ను ఆమె పక్కనే కూర్చోబెట్టింది. ఇంటి బాగోగులు చూసే మిసెస్ ఓల్డమ్ నన్ను పక్కకి పిలిచి, వంటగది సంగతి ఈ రోజుకి ఎత్తకపోతే మంచిదేమో అని మెల్లగా సలహా ఇచ్చింది. ఆవిడ నా మేలు కోరే చెప్పింది.

నేను మూడు రోజులుగా సిద్ధమయ్యాను. ఆ కంపెనీ కట్టిన వంతెనల పేర్లన్నీ వల్లించుకున్నాను. జూడిత్ ఫెన్నర్ పొడుగ్గా, జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, ఎక్కువ మాట్లాడని మనిషి. చేయి గట్టిగా కలిపాను, పేరు మళ్లీ పలికాను. ఆమె ముభావంగా తల ఊపింది. అంతలో వడ్డన మొదలైంది. క్యాబేజీ ఆకుల్లో మాంసం, బియ్యం చుట్టి ఉడికించే వంటకం. మా వాళ్లు దాన్ని హలుప్కి అంటారు. జూడిత్ ఒక ముక్క నోట్లో పెట్టుకుని ఫోర్కు కింద పెట్టేసింది.

"ఇంకా ఆవిడే ఉన్నారా?" అంది ఎవరినీ ప్రత్యేకంగా అడగకుండా. లేచి నేరుగా వంటగదిలోకి వెళ్లిపోయింది.

పావుగంట అయింది, రాలేదు. ఆమె ఈడు వాళ్లు ఇంకో ఇద్దరు లేచి అటే వెళ్లారు. తర్వాత నలుగురు. అరగంట అయ్యేసరికి భోజనాల గదిలో సగం కుర్చీలు ఖాళీ. వంటగదిలోంచి నవ్వులు వినిపిస్తున్నాయి. నేను పక్క కుర్చీ ఖాళీగా పెట్టుకుని, వల్లించుకున్న వంతెనలన్నీ నోట్లోనే ఉంచుకుని కూర్చున్నాను.

తిరిగి వచ్చి కూర్చున్నాక జూడిత్ ముఖం మారిపోయింది. తనంతట తానే మాట్లాడటం మొదలుపెట్టింది. 1963లో రసాయన శాస్త్రం తప్పి, ఇంటికి వెళ్లిపోదామని ట్రంకు సర్దేసుకుందట. అప్పుడే చేరిన వంటమనిషి మెట్ల మీద ఆ ట్రంకు చూసి, రేపు శుక్రవారం చేపలు చేస్తున్నాను, తిని వెళ్లు అందట. శుక్రవారం వచ్చాక, శనివారం గసగసాలు పెట్టి చుట్టిన రొట్టె చేస్తున్నాను, అది తినకుండా వెళ్తావా అందట. ఆదివారం ఇంకోటి. అలా మూడు వారాలు తినిపించిందట. ఈలోపు పరీక్ష మళ్లీ రాసే గడువు వచ్చింది. రాసి పాసైంది.

"ఇప్పుడు అడిగాను, ఎందుకలా చేశారని. అన్నీ వండాక తినేవాళ్లు లేకపోతే పారేయాలి కదా అన్నారు," అంది జూడిత్. కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "నువ్వు ఎక్కడి పిల్లవి? మీ వాళ్లేం చేస్తారు?"

మిసెస్ ఓల్డమ్ బల్ల అవతలి చివర నుంచి నన్ను చూస్తోంది.

"ఊళ్లోనే, మేడమ్," అన్నాను. "ఆవిడ మా అమ్మ."

జూడిత్ నీళ్లు తాగింది. "ఆవిడ చెప్పలేదే," అంది.

"చెప్పదు, మేడమ్."

"చదివేది ఏమిటి?"

చెప్పాను. వసంతంలో పెట్టిన అర్జీ సంగతి కూడా చెప్పాను. ఆమె కప్పిపుచ్చలేదు. ఆ ఏడు నాలుగు వందల అర్జీలు వచ్చాయనీ, అందులో నూట యాభై చదివామనీ, మిగతావి కట్ట విప్పకుండానే ఉండిపోయాయనీ ఒప్పుకుంది. ఏ నూట యాభై చదవాలో ఎలా తేల్చారని నేను అడగలేదు. ఇద్దరికీ తెలుసు.

"గదిలోకి పిలిపించడం వరకే నా పని. లోపల ఉండే ముగ్గురూ నా మాట వినరు. అక్కడ నీదే భారం," అంది.

"అంతవరకూ వస్తే చాలు, మేడమ్."

నవంబరు పద్దెనిమిదిన రైలెక్కి షికాగో వెళ్లాను. అమ్మ తన మంచి కోటు ఇచ్చింది. గదిలో ముగ్గురు మగవాళ్లు. ఒకాయన చలిలో, గాలిలో ఇనుప దూలాల మీద నిలబడగలవా అని అడిగాడు. ఆగస్టు ఎండల్లో రెండు పొయ్యిల మధ్య నిలబడి డెబ్భై మందికి వండిన అలవాటుంది, దాని ముందు గాలి హాయిగానే ఉంటుంది అన్నాను. ఇంకొకాయన పెళ్లెప్పుడు అన్నాడు. మీ కంపెనీలో పెళ్లయిన ఇంజినీర్లు ఎంతమంది అని తిరిగి అడిగాను. అందరూ అయినవాళ్లేనట. మరి వాళ్ల పని ఏమైనా చెడిందా అన్నాను. మూడో ఆయన ముసలాయన, అంతవరకూ నోరు విప్పలేదు. ఒక పాత వంతెన బొమ్మ నా ముందుకు తోసి, ఏ కడ్డీ మీద ఎంత బరువు పడుతోందో చెప్పమన్నాడు. పెన్సిలు తీసుకుని పది నిమిషాలు లెక్కవేశాను. ఒక కడ్డీ దగ్గర ఆగి, దీని మీద బరువేమీ లేదు అన్నాను.

"అయితే తీసేయొచ్చా?"

"వద్దండీ. ఈ బొమ్మలో గాలి చూపించలేదు. గాలి పక్క నుంచి కొడితే ఇదే కావాలి."

ఆయన కాగితం వెనక్కి తీసుకున్నాడు. మిగతా ఇద్దరి వైపు తిరిగి, నాకు ఇంకేం అడగాల్సింది లేదు అన్నాడు.

థ్యాంక్స్‌గివింగ్ పండగ అయిన మర్నాడు ఉత్తరం వచ్చింది. జూన్ ఒకటి నుంచి ఉద్యోగం. ఇంజినీర్ల గదిలో మొదటి ఆడమనిషిని నేనే. అమ్మ ఉత్తరం రెండుసార్లు చదివి, మడిచి, మళ్లీ విప్పి మూడోసారి చదివింది. తర్వాత పండగ వంటలో మిగిలిపోయిన టర్కీ కోడి మాంసం వేడి చేసింది. ఇద్దరం నవ్వుతూ పాత్రలోంచే తినేశాం.

ఒకటి చెప్పకపోతే నేను మనిషిని కాను. మా క్లాసులోనే నోర్మా టిబెట్స్ అని ఒక అమ్మాయి ఉండేది. మార్కుల్లో నాకు వెంట్రుకవాసి వెనక. పల్లెటూళ్లో పందుల పెంపకం వాళ్లది. ఏ సంఘంలోనూ లేదు. నోర్మా ఆ ఏడు ముప్పై చోట్లకి అర్జీలు పెట్టి, ఏడాదిన్నర తర్వాత ఒక చిన్న రోడ్ల ఆఫీసులో కుదిరింది. ఇప్పుడు మా కంపెనీకి వచ్చే అర్జీలు నా బల్ల మీదకే వస్తాయి. సంఘం పేరు కనిపిస్తే కన్ను అటు పోదని చెబితే అబద్ధం. అందుకే ఆ వరస మీద నల్ల సిరా పూసి తెమ్మని, ఈ పని నాకు అప్పగించిన మొదటి వారమే మా గుమస్తాకి చెప్పాను. నోర్మాని నేనే పిలిపించి తీసుకున్నాను. నాకన్నా బాగా పని చేస్తుంది.

ఆ డిసెంబరు సంగతి ఇంకా పూర్తి కాలేదు. మార్కులు చూసి పై ఆఫీసు ఇల్లు మూసే మాట మానేసింది. మిసెస్ ఓల్డమ్ వయసు మీద పడిందని, అరిజోనాలో కూతురి దగ్గరికి వెళ్లిపోతున్నట్టు చెప్పింది. ఆ వారంలోనే జూడిత్ షికాగో నుంచి కారులో వచ్చింది. సభ్యులు వంటగదిలోకి రాకూడదన్న నియమం ఆ విందు రోజుతోనే చచ్చిపోయింది కాబట్టి, నేరుగా పొయ్యి దగ్గరికి వెళ్లి నిలబడింది. ఇరవై మూడేళ్లలో ఆ ఇంట్లో తిన్న పూర్వ విద్యార్థినులందరూ కలిసి మా అమ్మని సంఘంలో చేర్చుకోవాలని నిర్ణయించారట. డిగ్రీ లేకపోయినా గౌరవ సభ్యత్వం ఇవ్వడానికి నియమాల్లో వీలుందట.

"నాకు పిన్నా? ఎక్కడ పెట్టుకోను జూడీ, ఏప్రన్ మీదా?" అంది అమ్మ, గరిట తిప్పడం ఆపకుండా.

జూడిత్ నవ్వలేదు. మిసెస్ ఓల్డమ్ ఉద్యోగం ఖాళీ అవుతోందనీ, ఇంటి పెద్దగా ఉండే ఆ ఉద్యోగానికి సంఘం సభ్యులే అర్హులనీ, సభ్యురాలైతే ఆ కుర్చీ అమ్మదేననీ చెప్పింది. కింద మూడు గదుల వాటా, ఆసుపత్రి బీమా, వేసవిలో రెండు నెలలు సెలవు.

అమ్మ పొయ్యి తగ్గించింది. చేతులు తుడుచుకుని స్టూలు లాక్కుని కూర్చుంది.

"వంటమనిషిని పెట్టుకునేది ఎవరు?"

"మీరే, మిసెస్ హెచ్."

"సోమవారం భోజనం ఏమిటో చెప్పేది?"

"అదీ మీరే."

"అయితే ప్రమాణం ఎప్పుడు?"

ఇంటికొస్తున్నప్పుడు దారిలో నేనేమీ అనకపోయినా అమ్మే మొదలుపెట్టింది. ఆగస్టులో నాతో అన్న మాటలు వెనక్కి తీసుకోవడం లేదనీ, అవి అప్పుడూ నిజమే, ఇప్పుడూ నిజమే అనీ, కాకపోతే మోకాళ్ల నొప్పులు కూడా నిజమేననీ అంది.

క్రిస్మస్ ముందు ఆదివారం మధ్యాహ్నం, బయట మంచు కురుస్తుండగా ప్రమాణం జరిగింది. సెప్టెంబరు నుంచి వాళ్లతో కూర్చుంటున్నా, పూర్తి సభ్యత్వం ఈ ప్రమాణంతోనే; అలా కొత్తగా చేరేవాళ్లం పద్దెనిమిది మందిమి. పదిహేడు మందిమి ఇరవై ఏళ్లకి అటూ ఇటూగా ఉన్న పిల్లలం. పద్దెనిమిదో మనిషి యాభై రెండేళ్ల మా అమ్మ. అందరికీ తెల్ల గౌన్లు. అమ్మకి సరిపడే గౌను దొరక్క బానీ రెండు గౌన్లు విప్పి ఒకటిగా కుట్టింది. అమ్మ కొవ్వొత్తి పట్టుకుని ప్రమాణం చదివింది. జూడిత్ తన సొంత పిన్ను తీసి అమ్మకి పెట్టింది. పూర్వ విద్యార్థినులు దూరాల నుంచి వచ్చి గోడల పొడవునా నిలబడ్డారు. అందులో ఒకామె జడ్జి, ఇద్దరు డాక్టర్లు. అందరూ ఏడుస్తున్నారు, అమ్మ తప్ప.

చివరిగా పెద్ద పుస్తకంలో సంతకాలు. నేను పెట్టాను. తర్వాత ఇంకో ఇద్దరు. ఆఖరున అమ్మ నెమ్మదిగా, ప్రతి అక్షరం విడివిడిగా, మార్గిట్ హుడాక్ అని రాసింది. లెస్లీ ఆన్ పుస్తకం మూస్తూ, ఈ సంఘంలో ముందు సంతకం పెట్టినవాళ్లే అక్కలు, తర్వాత పెట్టినవాళ్లు చెల్లెళ్లు, ఇక నుంచి అలాగే పిలుచుకోవాలని అందరికీ గుర్తు చేసింది. బానీ కిసుక్కున నవ్వింది.

అమ్మ నన్ను కింద నుంచి పైదాకా చూసింది. పిన్ను సర్దుకుంది.

"అక్కా," అంది, "నా కోటు అందుకో. ఆకలేస్తోంది. ఇవాళ ఎవరైనా వండి పెడితే తిందాం."